గోల్డ్‌ఫిష్ మీద బొంబాయి రవ్వ

ధనుర్మాసం మొదలై పదిరోజులయ్యుంటుంది. తెల్లవారుజామున కాఫీ గ్లాసుతో హాల్లోకొచ్చి లైటు వేస్తే, అక్వేరియంలో మా ఎర్ర గోల్డ్‌ఫిష్ తోక మీద నాలుగు తెల్లటి చుక్కలు కనిపించాయి. మేత పొడి అంటుకుందనుకున్నాను. సాయంత్రం లెక్కపెడితే పద్నాలుగు. మర్నాటికి లెక్కపెట్టడం మానేశాను. ఒళ్ళంతా బొంబాయి రవ్వ చల్లినట్టుంది. గేదె తాటిచెట్టుకి వీపు రుద్దుకున్నట్టు, చేప పోయి పోయి గులకరాళ్ళకి ఒళ్ళు రుద్దుకుంటోంది.

చేపలమ్మే కొట్టుకి వెళ్ళాను. నేను చెప్పడం పూర్తికాకముందే కుర్రాడు కౌంటరు కింద నుంచి నీలం సీసా ఒకటి తీశాడు.

"వైట్ స్పాట్ గురూగారూ. ఇదెయ్యండి, రెండ్రోజుల్లో తగ్గిపోద్ది."

"ఎన్ని చుక్కలెయ్యాలి?"

"నీళ్ళు నీలంగా అయ్యేదాకా."

నీలంగా అయ్యేదాకా వేశాను. రెండ్రోజుల్లో మచ్చలు నిజంగానే తగ్గాయి. అయిదో రోజుకి మళ్ళీ వచ్చాయి, ఈసారి అన్ని చేపల మీదా. పదో రోజుకి చేపలన్నీ నీళ్ళ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. ఆరింటిలో నాలుగు పోయాయి. ఆ నాలుగూ పోవడంలో జబ్బు వాటా ఎంత, నా వాటా ఎంత అని తర్వాత చదువుకుంటూ లెక్కేసుకుంటే నా వాటాయే ఎక్కువని తేలింది.

ముందు ఆ పేరు సంగతి. పాయకరావుపేట, నక్కపల్లి తీరమంతా రొయ్య పిల్లల హేచరీలున్న జిల్లా మాది. ఇక్కడ వైట్ స్పాట్ అంటే జనం గుండెల్లో రాయి పడుతుంది. 1994లో మన దేశంలోకి వచ్చి తూర్పు తీరం చెరువుల్ని ఊడ్చిపెట్టిన రొయ్యల జబ్బు అది. అదొక వైరస్, దానికి మందు లేదు. అక్వేరియం చేపకొచ్చే తెల్లమచ్చకి దానితో పేరులో తప్ప చుట్టరికం లేదు. ఇది ఏకకణజీవి. దీని శాస్త్రీయ నామం ఇక్తియోఫ్తిరియస్ మల్టిఫిలిస్. నోరు తిరగని ఆ పేరుని విడదీస్తే చేప, పేను, చాలామంది పిల్లలు అనే మూడు ముక్కలొస్తాయి. అంటే 'పిల్లలకోడి చేపపేను'. 1876లో ఫూకే అనే ఫ్రెంచి పరిశోధకుడు పెట్టాడు. చేపపేను అనే మాట మన చెరువుల రైతులకీ ఉంది కానీ వాళ్ళనేది ఆర్గులస్ అనే వేరే పురుగుని. కందిబద్దంత ఉండి, కంటికి కనబడుతూ చేప ఒంటి మీద పాకుతుంది. దాన్ని పట్టకారుతో లాగెయ్యొచ్చు. తెల్లమచ్చని లాగడం కుదరదు. ఎందుకంటే అది చేప మీద ఉండదు, చేప చర్మం లోపల ఉంటుంది.

బడిలో వాడే మామూలు సూక్ష్మదర్శిని చాలు దాన్ని చూడటానికి. తడి చేత్తో చేపని పట్టుకుని, ఒంటి మీది జిగురుని గాజుపలక అంచుతో తోక వైపుకి మెల్లిగా ఒక్క గీత గీయాలి. చేప విలవిల్లాడకుండా క్షణంలో నీళ్ళలో వదిలెయ్యాలి. ఆ జిగురు మీద నీటి చుక్క వేసి చూస్తే, గుండ్రటి బూడిదరంగు ముద్ద ఒకటి గింగిరాలు తిరుగుతూ కనిపిస్తుంది, తొందర లేకుండా, గానుగెద్దులా. చుట్టూ వెంట్రుకల్లాంటి శైలికలు అలలు అలలుగా కదులుతుంటాయి. లోపల గుర్రపునాడా ఆకారంలో కేంద్రకం. ఆ నాడా కనబడిందంటే ఇక అనుమానమక్కర్లేదు. బాగా ఎదిగితే ఒక మిల్లీమీటరు దాకా పెరుగుతుంది. ఒకే కణం అంత పెరిగిందంటే, కడుపునిండా తిన్నదన్నమాట. అది తినేది చేప కణాల్నే.

మందు వేసిన రెండ్రోజులకి మచ్చలెందుకు పోయాయో, అయిదో రోజుకి ఎందుకొచ్చాయో దీని బతుకు తీరు తెలిస్తే అర్థమవుతుంది. 25 డిగ్రీల నీళ్ళలో ఇది నాలుగైదు రోజులు చేప చర్మం కింద మేస్తుంది. పైన చర్మం పొర, జిగురు కప్పుకుని ఉంటుంది కాబట్టి ఆ రోజుల్లో ఏ మందూ దాన్ని తాకదు. బలిశాక తనంతట తనే చర్మం చీల్చుకుని ఊడి కిందపడుతుంది. మచ్చలు 'తగ్గిపోయాయి' అని మనం సంబరపడేది అప్పుడే. అది గులకరాయికో మొక్కకో అంటుకుని చుట్టూ గూడు కట్టుకుంటుంది. లోపల రెండు, నాలుగు, ఎనిమిదిగా చీలుతూ ఒక్క రోజులో వందల్లో, ఒక్కోసారి వెయ్యి దాకా పిల్లలవుతాయి. గూడు పగిలి అవి ఈదుకుంటూ బయటికొస్తాయి. రెండు రోజుల్లోపు చేప దొరక్కపోతే చస్తాయి. మందుకి దొరికేది ముఖ్యంగా ఈ ఈదే దశలోనే. కాబట్టి ఒక విడత మందుతో సరిపెట్టడం, దొంగలు లోపలున్నప్పుడు వీధి గుమ్మానికి తాళం వేసినట్టే. చర్మం కింద ఉన్న చివరిది కూడా ఊడిపడి, పగిలి, పిల్లలు ఈదే దాకా నీళ్ళలో మందుండాలి. మన నీళ్ళలో అది రెండు వారాల పని.

ఇంకొక సంగతి కూడా దీన్నుంచే తేలుతుంది. జబ్బుచేసిన చేపని వేరే టబ్బులోకి మార్చి వైద్యం చెయ్యడం చాలా జబ్బులకి సరైన పద్ధతి. దీనికి కాదు. చేపని తీసేసినా గులకరాళ్ళలో గూళ్ళుంటాయి. వైద్యం తొట్టి మొత్తానికి జరగాలి.

ఇక ధనుర్మాసమే ఎందుకు? డబ్బాల మీద, పుస్తకాల్లో రాసినదంతా చలిదేశాల వైద్యం. తెల్లమచ్చలు కనబడితే హీటరు పెంచి నీళ్ళని 30 డిగ్రీలకి తెమ్మంటారు. ఆ వేడిలో ఈ పరాన్నజీవికి సాధారణంగా సంతానం సాగదు. మా అనకాపల్లిలో ఏప్రిల్ వచ్చిందంటే ఫ్యాను కింద పెట్టిన తొట్టి కూడా 30 దాటే ఉంటుంది. మన ఎండాకాలం మనం అడక్కుండానే ఆ వైద్యం చేస్తోంది. సంక్రాంతి ముందు రాత్రుళ్ళు 20 దరిదాపులకి దిగి, మధ్యాహ్నం మళ్ళీ వేడెక్కినప్పుడు అసలు కథ మొదలవుతుంది. చేప రక్తం నీళ్ళెంత చల్లగా ఉంటే అంత చల్లగా ఉంటుంది. నీళ్ళు చల్లబడితే దాని రోగనిరోధక శక్తి కూడా నిద్రమత్తులో పడుతుంది. వెచ్చటి నీళ్ళలో చురుగ్గా తయారయ్యే ప్రతిరక్షకాలు చల్లటి నీళ్ళలో నింపాదిగా తయారవుతాయి.

ఇది గాజు తొట్టికే పరిమితమైన సంగతి కాదు. 1988లో ఈశాన్య రాష్ట్రాల్లో మొదలై రెండు మూడేళ్ళలో మన కొల్లేరు దాకా పాకిన పుండ్ల జబ్బు పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. కొర్రమీను ఒంటి మీద ఎర్రగా, లోతుగా పుండ్లు చూసి జనం చేపలు తినడం మానేశారు. అఫనోమైసిస్ ఇన్‌వాడన్స్ అనే నీటిబూజు దానికి మూలం. అదీ చలికాలంలోనే చెలరేగేది. అప్పుడు రైతులు చేసిందేమిటి? ఒక్కో చేపనీ పట్టుకుని మందు పుయ్యలేదు కదా. చెరువులో సున్నం చల్లారు, సున్నంలో పసుపు కలిపీ చల్లారు. భువనేశ్వర్ దగ్గర కౌసల్యాగంగలోని కేంద్ర మంచినీటి జలచరాల పరిశోధన సంస్థ తర్వాత సైఫాక్స్ అనే మందు తెచ్చింది. అదీ నీళ్ళలో కలిపేదే. వైద్యం నీళ్ళకి చెయ్యాలని చెరువుగట్టు మీద అందరికీ తెలుసు. హాల్లో సోఫా పక్కకి వచ్చేసరికి మర్చిపోతాం.

నేను మర్చిపోయిన విధానం చెప్తాను. నా నీలం సీసాలో ఉన్నది మిథిలీన్ బ్లూ. చిత్రంగా అదీ 1876లోనే పుట్టింది. ఫూకే ఈ పరాన్నజీవికి పేరు పెట్టిన ఏడాదే జర్మనీలో హైన్రిక్ కారో బట్టలకి రంగుగా దీన్ని తయారుచేశాడు. 1891లో పాల్ ఎర్లిహ్, గుట్‌మన్ అనే వైద్యులు మలేరియా రోగులకి ఇచ్చి చూశారు. మనిషికి వాడిన తొలి కృత్రిమ మందుల్లో అదొకటి. చేపగుడ్లకి బూజు పట్టకుండా ఇప్పటికీ మంచి మందే. కానీ తొట్టిలో చేపలతోపాటు కంటికి కనబడని కాపురం ఇంకొకటుంది. ఈ రంగు దాన్ని కూడా చంపుతుంది. నేను చంపింది ఆ కాపురాన్నే.

చేప తన ఒంట్లోని మలినాన్ని మనలా మూత్రంలో యూరియాగా కాక, ఎక్కువగా మొప్పల ద్వారా అమ్మోనియాగా వదులుతుంది. చెరువులో అది కలిసిపోతుంది. గాజుపెట్టెలో ఎక్కడికి పోతుంది? ఫిల్టరు స్పాంజిలో, గులకరాళ్ళ మీద కాపురముండే బాక్టీరియా కొన్ని ఆ అమ్మోనియాని నైట్రైటుగా, ఇంకొన్ని నైట్రైటుని నైట్రేటుగా మారుస్తాయి. మొదటి రెండూ విషాలు, మూడోది చాలావరకు నిరపాయం. ఈ కాపురం కుదురుకోవడానికి నాలుగైదు వారాలు పడుతుంది. కొత్త తొట్టి కొన్న నెలలోనే చేపలు వరసగా పోతుంటే జనం 'జబ్బు' అంటారు గానీ, అందులో సగానికి సగం ఊపిరాడక, విషమెక్కి పోయినవే. ఈ 'సగం' నా అంచనా మాత్రమే. ఎవరైనా వచ్చి "చేపకి బాలేదండీ" అంటే నేను మొదట అడిగేది మాత్రం తొట్టి వయసే.

ఈ అమ్మోనియా విషయంలో మన బోరు నీళ్ళు, మన ఎండ కలిసి మనమీద కక్షగట్టినట్టే ఉంటాయి. నీళ్ళలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి చేపకి అంతగా హాని చెయ్యని అమ్మోనియం, రెండోది మొప్పల్ని కాల్చే అసలు అమ్మోనియా. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే విషరూపం వాటా నూటికి సుమారు 0.6 మాత్రమే. పీహెచ్ 8కి పోతే 5 దాటుతుంది. అదే పీహెచ్‌లో నీళ్ళు 30 డిగ్రీలకి వెడితే 7 పైకి చేరుతుంది. బకెట్ల అంచుల్లో తెల్లటి పెచ్చు కట్టే బోరు నీళ్ళు పీహెచ్ 8 దగ్గర ఉండటం వింతకాదు. అంటే మెత్తటి నీళ్ళున్న చలిదేశంలో తట్టుకునే అమ్మోనియా మోతాదే మా ఇంట్లో పది రెట్ల విషం కావచ్చు. పైగా వేడెక్కిన కొద్దీ నీళ్ళలో ప్రాణవాయువు తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరుకి 8.3 మిల్లీగ్రాముల దాకా పట్టే నీళ్ళు 35 డిగ్రీల దగ్గర 7 దాకానే పట్టుకుంటాయి. మే నెల మధ్యాహ్నం కరెంటు పోయి గాలి పంపు ఆగితే చేప నోరు తెరవడానికి జబ్బే అక్కర్లేదు.

అందుకే చేపకి నలతగా కనబడితే సీసా కోసం కాదు, మగ్గు కోసం చెయ్యి చాపాలి. నాలుగో వంతు నీళ్ళు తీసి కొత్త నీళ్ళు పొయ్యండి. కుళాయి నీళ్ళయితే అందులో క్లోరిన్ ఉంటుంది. బ్లీచింగ్ వాసన తగిలే రోజుల్లో మరీను. దానికి విరుగుడు సోడియం థయోసల్ఫేట్. ఫిల్ము రోజుల్లో ఫోటో స్టూడియోలవాళ్ళు వాడిన హైపో అదే. బెల్లం ఊరు కాబట్టి ఒక హెచ్చరిక. బెల్లం రంగు తేలడానికి వాడతారే, హైడ్రాస్, అది ఇది కాదు. పేర్లు దగ్గరగా ఉన్నా పని వేరు. కొట్టులో తికమక పడొద్దు.

కొత్త నీళ్ళు పోసి, అమ్మోనియా పరీక్ష చేసి, అప్పటికీ తెల్లమచ్చలే అని ఖాయమైతే, నేనిప్పుడు వాడే మొదటి మందు వంటింట్లో ఉంది. కల్లుప్పు. మా ఉత్తరాంధ్రవాళ్ళకి నౌపడా ఉప్పు. అందులో మహత్తేమిటో చూద్దాం. మంచినీటి చేప రక్తం చుట్టూ ఉన్న నీళ్ళకంటే చాలా ఉప్పన. కాబట్టి నీళ్ళు మొప్పల్లోంచి, చర్మంలోంచి లోపలికి ఊరుతూనే ఉంటాయి. చేప రాత్రింబవళ్ళు ఆ నీళ్ళని మూత్రంగా తోడిపోస్తూ బతుకుతుంది, చిల్లుపడవలో కూచున్న మనిషిలా. తెల్లమచ్చ ఊడిన ప్రతిచోటా ఒక చిల్లు. తోడే పని పెరుగుతుంది, చేప అలిసిపోతుంది. నీళ్ళలో కొంచెం ఉప్పు కలిపితే లోపలికీ బయటికీ తేడా తగ్గి ఊట తగ్గుతుంది. అదే ఉప్పు ఈదే పిల్ల పరాన్నజీవుల్ని దెబ్బతీస్తుంది. మూడోది నాకు భలే నచ్చిన సంగతి. నైట్రైటు రక్తంలోకి చేరితే హిమోగ్లోబిన్ ప్రాణవాయువుని మోయలేని రూపానికి మారి, రక్తం చాక్లెట్ రంగుకి తిరుగుతుంది. అయితే నైట్రైటు మొప్పల్లోంచి లోపలికి దూరే దారి, ఉప్పులోని క్లోరైడు దూరే దారి ఒకటే. క్లోరైడు గుంపుగా వచ్చి గుమ్మం దగ్గర నిలబడితే నైట్రైటుకి చోటుండదు. జాతరనాడు నూకాలమ్మ గుడి క్యూ చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

మోతాదు మాత్రం 'చేతికొచ్చినంత' కాదు. తొట్టి పొడవు, వెడల్పు, నీళ్ళ ఎత్తు అంగుళాల్లో కొలిచి గుణించి 61తో భాగిస్తే లీటర్లొస్తాయి. మాది 24, 12, నీళ్ళ ఎత్తు 10. అంటే 47 లీటర్లు. లీటరుకి 2 గ్రాముల చొప్పున 94 గ్రాములు. వంటింటి కాటాలో తూచి, మూడు భాగాలు చేసి, ఒక్కొక్క భాగాన్ని మగ్గు నీళ్ళలో కరిగించి ఎనిమిదేసి గంటల తేడాలో పోస్తాను. మధ్యలో 12 లీటర్లు మారిస్తే ఆ 12 లీటర్లకి సరిపడా 24 గ్రాములే మళ్ళీ వెయ్యాలి. నీళ్ళు ఆవిరై తగ్గితే మంచినీళ్ళే పొయ్యాలి, ఎందుకంటే ఉప్పు ఆవిరవ్వదు. ఈ ఒక్క ముక్క తెలీక ఎండాకాలంలో తొట్టిని ఉప్పుమడి చేసినవాళ్ళున్నారు. మొక్కలున్న తొట్టిలో, కోరిడోరాస్, లోచ్ లాంటి చేపలున్నచోట ఉప్పు సగం చాలు, ఎక్కువైతే వాటికి పడదు. ఆఖరి మచ్చ పోయాక కూడా వారం రోజులు అలాగే ఉంచాలి. నీళ్ళు చల్లబడకుండా ఒక చిన్న హీటరు పెట్టి 28 దాకా తెస్తే పరాన్నజీవి తొందరపడి ఊడిపడుతుంది. తొందరపడి ఊడితే మనకి తొందరగా దొరుకుతుంది.

దీనికి లొంగకపోతే మాలకైట్ గ్రీన్, ఫార్మలిన్ కలిసిన మందులున్నాయి. ఘాటైనవి. తినే చేపలకి మాలకైట్ గ్రీన్ నిషిద్ధం. ఇంట్లో వాడినా చేతికి తొడుగులుండాలి, గాలి పంపు ఆగకుండా నడవాలి, ఫిల్టరులో బొగ్గుంటే తీసెయ్యాలి. లేకపోతే మందుని బొగ్గే తాగేస్తుంది.

తెల్లగా ఉన్నదల్లా తెల్లమచ్చ కాదని కూడా చెప్పాలి. మూతి మీద దూదిపింజలా తెల్లగా కడితే బూజు అనుకుంటారు. చాలాసార్లు అది కాలమ్నారిస్ అనే బాక్టీరియా. దానికి వేడంటే పండగ. తెల్లమచ్చ వైద్యమనుకుని హీటరు పెంచితే రెండ్రోజుల్లో చేప ఉండదు. బూజు అయితే పోగులు పోగులుగా, అప్పటికే గాయమైనచోట పుడుతుంది. వేరే టబ్బులో మిథిలీన్ బ్లూ పనికొచ్చేది అప్పుడు.

బాక్టీరియా అనగానే అందరి చెయ్యీ మందులషాపు వైపు పోతుంది. టెట్రాసైక్లిన్ గొట్టం విప్పి పసుప్పచ్చ పొడి తొట్టిలో దులిపేవాళ్ళని నేనెరుగుదును. మన బోరు నీళ్ళలోని కాల్షియం ఆ మందుని పట్టుకుని కట్టేస్తుంది. అంటే చేపకి చేరేది అరకొర మోతాదు. అరకొర మోతాదులో బాక్టీరియా చావదు, మందుకి అలవాటుపడుతుంది. ఆ నీళ్ళు రేపు కాలవలోకి పోతాయి. నాకైతే ఈ పని చేపకోసం చేసినట్టు అనిపించదు, మన మనశ్శాంతి కోసం చేసినట్టే అనిపిస్తుంది. పుండ్లున్న తొట్టిలో చెయ్యి పెట్టేముందు చేతికి కోత, గీత లేకుండా చూసుకోండి. 1926లో ఫిలడెల్ఫియా అక్వేరియం చేపల్లో బయటపడ్డ మైకోబాక్టీరియం మారినం అనే క్షయ సూక్ష్మజీవి చుట్టం మనుషుల చేతుల మీద నెలల తరబడి మానని గడ్డలు లేపుతుంది.

కొన్నిటికి వైద్యం లేదు. కడుపు ఉబ్బి, పొలుసులు సీతాఫలం మీది కళ్ళలా నిక్కబొడుచుకున్న చేపకి మూత్రపిండాలు అప్పటికే పోయుంటాయి. తోడేవాడు లేని పడవ అది. నా ఆరింటిలో మిగిలిన రెండింటిలో ఒకటి మరుసటేడు అలాగే అయింది. "శారదా నదిలో వదిలేయండి, పుణ్యముంటుంది" అన్నారు ఎదురింటి పెద్దాయన. వదల్లేదు. జబ్బుచేప నదిలోకి తీసుకెళ్ళేది తన జబ్బుని కూడా. ఆరోగ్యంగా ఉన్నదాన్ని వదిలినా చిక్కే. అక్వేరియం అద్దాలు నాకుతుందని కొని, పెరిగిపోయిందని ఎవరో వదిలేసిన సక్కర్ చేప ఇవాళ మన రాష్ట్రం చెరువుల్లో రైతుల వలలు చింపుతోంది.

పంటినొప్పికి దాచుకున్న లవంగనూనె తీశాను. అందులో ఉండే యూజినాల్ చేపలకి మత్తుమందు. గోరువెచ్చటి నీళ్ళలో నూనె చుక్కలు వేసి, నీళ్ళు పాలలా తెల్లబడేదాకా సీసాలో గిలకొట్టి, చేప ఉన్న చిన్న గిన్నెలోకి కొంచెం కొంచెంగా పోశాను. మొదట ఒక పక్కకి వాలింది. తర్వాత మొప్పల కదలిక నెమ్మదించింది. మిగతాది కూడా పోసి, మొప్పలు ఆగాక ఇంకో అరగంట గడియారం చూసుకుంటూ కూచున్నాను. హాలంతా లవంగం వాసన.